ఎదుటివారు క్యూబ్ తిప్పారు: టేక్ చేయాలా, డ్రాప్ చేయాలా? బ్యాక్‌గ్యామన్ ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాక్‌గ్యామన్ అంటే పాచికలు వేసి తమ కాయలన్నిటినీ ఎదుటివారికంటే ముందు బోర్డు బయటికి తీసే ఆట. అది నేర్చుకునే కొత్తలో మనసంతా కాయల మీదే ఉంటుంది. ఏ కాయ ఎక్కడికి జరపాలి, ఎక్కడ దెబ్బ తగులుతుంది, పాచికలు ఏం పడతాయి అన్నదే ధ్యాస. అలాంటప్పుడు ఎదుటివారు ఆట విలువను రెట్టింపు చేసే డబ్లింగ్ క్యూబ్ తీసి ముందు పెట్టగానే టెన్షన్ మొదలవుతుంది. నేను మొదటి రెండేళ్లు ఆ టెన్షన్‌లోనే డ్రాప్ చేసుకుంటూ పోయాను. తర్వాత ఓపిగ్గా లెక్క వేసి చూస్తే, వాటిలో చాలావరకు హాయిగా టేక్ చేయాల్సినవే. ఆ లెక్క ఎలా వేయాలో కొత్తవారు అడిగే ప్రశ్నల వరుసలోనే చెప్తాను.

క్యూబ్ పని ఏమిటి, క్లుప్తంగా?

ఆరు ముఖాల మీద 2, 4, 8, 16, 32, 64 అంకెలు ఉండే ఘనం అది. 1920లలో న్యూయార్క్ క్లబ్బుల్లో ఆటలోకి వచ్చింది. ఆట 1 పాయింటుతో మొదలవుతుంది. తన వంతులో, పాచికలు వేయకముందు, ఎవరైనా డబుల్ అని చెప్పి క్యూబ్‌ను 2 మీదకు తిప్పి ఎదుటివారికి ఇవ్వొచ్చు. డ్రాప్ అంటే ఆట అక్కడితో ఆగుతుంది, 1 పాయింట్ పోతుంది. టేక్ అంటే ఆట 2 పాయింట్లకు సాగుతుంది, క్యూబ్ టేక్ చేసినవారి దగ్గరే ఉంటుంది. మళ్లీ తిప్పే హక్కు ఇక వారిదే. ఓడినవారు ఒక్క కాయ కూడా బయటికి తీయలేకపోతే అది గ్యామన్, క్యూబ్ విలువకు రెండింతలు పోతుంది.

నేను వెనకబడి ఉన్నానని తెలుస్తూనే ఉంది. ఓడే ఆటకు రెట్టింపు ఎందుకు ఒప్పుకోవాలి?

డ్రాప్ చేసినా ఓడిపోతున్నారు కాబట్టి. అది కూడా ఖాయంగా, 1 పాయింట్. చాలామంది డ్రాప్‌ను నష్టం లేని దారి అనుకుంటారు. అసలు గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. మిమ్మల్ని అడుగుతున్నది "గెలుస్తారా?" అని కాదు. ఇప్పుడే 1 ఇచ్చేయడం మేలా, 2 కోసం ఆడటం మేలా అన్నదే ప్రశ్న.

రమ్మీ ఆడినవారికి ఇది కొత్త కాదు. పదమూడు ముక్కలు చేతికి రాగానే జోకర్ లేదు, సీక్వెన్స్ ఆనవాలు లేదు అంటే ఫస్ట్ డ్రాప్ చేసి 20 ఇచ్చుకుంటాం. ఆశపడి కూర్చుంటే మిడిల్ డ్రాప్ 40, ఫుల్ కౌంట్ అయితే 80. అలాగని ముక్కలు కొంచెం బాగాలేనప్పుడల్లా డ్రాప్ చేసేవారు రాత్రి చివరికి మిగలరు, 20 చొప్పున కరిగిపోతారు. క్యూబ్ దగ్గరా అదే జరుగుతుంది.

ఇక లెక్క. ఒకే పరిస్థితి 36 సార్లు వచ్చిందనుకోండి. అన్నిసార్లూ డ్రాప్ చేస్తే 36 పాయింట్లు పోతాయి. అన్నిసార్లూ టేక్ చేసి 9 గెలిచి 27 ఓడితే, వచ్చేవి 18, పోయేవి 54. నికరంగా పోయింది 36. అంటే 36లో 9, నాలుగింట ఒకటి గెలవగలిగితే రెండు దారులూ సమానం. అంతకు మించి గెలిచే అవకాశం ఉంటే టేక్, తగ్గితే డ్రాప్. 25 శాతం అని అందరూ చెప్పే సంఖ్య ఇదే. నాలుగింట మూడు ఓడిపోయే ఆటను కూడా ఒప్పుకోవడం సరైన నిర్ణయమే. దీన్ని జీర్ణించుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

కళ్లముందు బోర్డు పెట్టి చూపించగలరా?

ఆట చివరి క్షణం తీసుకుందాం. మీకు ఒక్క కాయ మిగిలింది, అది 1వ గడిలో, బయటికి ఒక్క అడుగు దూరంలో ఉంది. మీ వంతు వస్తే గెలుపు మీదే. ఎదుటివారికి రెండు కాయలు ఉన్నాయి, పాచికలు వారి చేతిలో ఉన్నాయి. వారు క్యూబ్ తిప్పారు.

వారి కాయలు 4వ గడిలో ఒకటి, 1వ గడిలో ఒకటి ఉన్నాయనుకోండి. రెండు పాచికలకు 36 రకాల పందేలు. వాటిలో 4, 5, 6లలో ఏదో ఒకటి ఉన్నవి 27. వాటికి 3-3, 2-2 కలిపితే 29 (ఒకే అంకె రెండుసార్లు పడితే నాలుగుసార్లు జరపొచ్చు). ఇన్నిటిలో వారు రెండు కాయలూ తీసేస్తారు. మీకు మిగిలేవి 7 మాత్రమే. టేక్ చేస్తే 14 వచ్చి 58 పోతాయి, నికర నష్టం 44. డ్రాప్ చేస్తే 36. కాబట్టి డ్రాప్.

ఇప్పుడు వారి కాయలు 3లో ఒకటి, 2లో ఒకటి ఉన్నాయనుకోండి. పిప్‌ల (కాయలు బయటికి వేయాల్సిన అడుగుల) మొత్తం 5, ముందటిలాగే. కానీ ఇక్కడ 1 పడితే చాలు వారు తప్పిపోతారు. 1 ఉన్న పందేలు 11. మీరు టేక్ చేస్తే 22 వచ్చి 50 పోతాయి, నష్టం 28. డ్రాప్ చేస్తే 36. కాబట్టి టేక్.

చూడటానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ మీరే ఓడిపోయేలా ఉన్నారు. మొదటి దాంట్లో టేక్ వల్ల 36 ఆటలకు 8 పాయింట్లు నష్టం, రెండో దాంట్లో అంతే లాభం. బోర్డు చూసి కలిగే భయం ఈ తేడాను పట్టుకోలేదు. పందేలు లెక్కపెడితేనే తెలుస్తుంది.

క్యూబ్ నా దగ్గరికి వస్తే దానివల్ల నిజంగా లాభం ఉంటుందా?

చాలా ఉంటుంది. కొత్తవారు దాదాపుగా పట్టించుకోని విషయం ఇదే. క్యూబ్ మీదైతే ఎదుటివారు మిమ్మల్ని మళ్లీ బెదిరించి ఆటలోంచి వెళ్లగొట్టలేరు. ఆట తిరగబడితే మీరు వారిని వెళ్లగొట్టగలరు.

పై ఉదాహరణనే కొంచెం మారుద్దాం. ఎదుటివారికి 3లో ఒకటి, 2లో ఒకటి ఉన్నాయి. మీకు ఒకటి కాదు, 2వ గడిలో రెండు కాయలు ఉన్నాయి. మీ వంతు వస్తే 36లో 26 పందేలకు గెలుస్తారు, ఇక్కడా 1 పడితే తప్పిపోతారు, ఒక్క 1-1 మాత్రం మినహాయింపు. ముందు వారు తప్పాలి, తర్వాత మీకు సరైన పందెం పడాలి. రెండూ కలిపితే 1296 ఆటల్లో 286, అంటే దాదాపు 22 శాతం. 25 కంటే తక్కువ కాబట్టి డ్రాప్ అనిపిస్తుంది. క్యూబ్ తిప్పకుండా ఊరుకుంటే 1296 ఆటలకు 1448 పాయింట్లు పోతాయి కూడా.

కానీ మీరు ఊరుకోరు. వారు తప్పిపోయిన 396 ఆటల్లో పాచికలు మీ చేతికి వస్తాయి, క్యూబ్ మీదే. దాన్ని 4కు తిప్పుతారు. వారికి 36లో 10 అవకాశం ఉంది కాబట్టి వారూ టేక్ చేయాల్సిందే. ఆ 396లో మీరు 286 గెలుస్తారు, 110 ఓడతారు. తేడా 176, నాలుగేసి పాయింట్ల చొప్పున 704. ముందే ఓడిన 900 ఆటల్లో పోయినవి 1800. మొత్తం నష్టం 1096. అన్నీ డ్రాప్ చేస్తే 1296. అంటే 22 శాతంతోనే ఇది బలమైన టేక్.

ఎమ్మెట్ కీలర్, జోయెల్ స్పెన్సర్ అనే గణితజ్ఞులు 1975లో ప్రచురించిన పరిశోధనలో, క్యూబ్‌ను సరిగ్గా అవసరమైన క్షణంలో తిప్పగలిగే ఆదర్శ పరిస్థితిలో ఈ హద్దు 20 శాతం దాకా దిగుతుందని తేల్చారు. అసలు ఆటలో పాచికలు అంత నున్నగా నడవవు. అందుకే గ్యామన్ భయం లేని మామూలు మధ్య ఆటలో 22 శాతం దగ్గర హద్దు పెట్టుకుంటే సరిపోతుంది.

గ్యామన్ ప్రమాదం ఉంటే ఎంత ఎక్కువ అవకాశం కావాలి?

100 ఆటలకు లెక్క వేద్దాం. డ్రాప్ చేస్తే 100 పోతాయి. టేక్ చేసి 30 గెలిచి 70 ఓడారు, ఆ 70లో 10 గ్యామన్లు. వచ్చేవి 60. మామూలుగా ఓడిన 60కి 120, గ్యామన్లకు 40 పోతాయి. నికరంగా మళ్లీ 100. అంటే పది గ్యామన్లు హద్దును 25 నుంచి 30కి తోశాయి. ఇరవై అయితే 35. ప్రతి రెండు గ్యామన్లకు ఒక గెలుపు అదనంగా కావాలని గుర్తుపెట్టుకోండి. మీరు గెలిచే గ్యామన్లు ఉంటే వాటిని ముందు వారి గ్యామన్లలోంచి తీసేయాలి.

అందుకే క్యూబ్ ముందుకు రాగానే నేను మొదట వేసుకునే ప్రశ్న "గెలుస్తానా?" అన్నది కాదు, "ఓడితే గ్యామన్ అవుతుందా?" అన్నది. ఎదుటివారి హోమ్ బోర్డులో (వారు కాయలు బయటికి తీసే చివరి ఆరు గళ్లలో) యాంకర్ ఉందా, అంటే ఒకే గడిలో రెండు కాయలు నిలబెట్టుకున్నానా? ఉంటే ప్రమాదం బాగా తగ్గుతుంది. వెనక మూడు నాలుగు కాయలు చెల్లాచెదురుగా ఉండి, ఒకటి బార్ (దెబ్బతిన్న కాయను ఉంచే బోర్డు మధ్య పట్టీ) మీద కూర్చుంటే ప్రమాదం పెద్దది.

తాకిడి అయిపోయింది, ఇక పరుగే. అప్పుడెలా?

అంటే ఇక ఎవరి కాయలూ ఎవరినీ కొట్టలేవు. అన్నిటికంటే సులువు ఇదే. ఇద్దరి పిప్ కౌంట్ లెక్కపెట్టండి, అంటే ప్రతి కాయా బోర్డు దాటడానికి ఎన్ని అడుగులు వేయాలో వాటి మొత్తం. ఆట మొదట్లో ఇది ఇద్దరికీ 167. పొడవైన పరుగులో వాడే సూత్రం 8-9-12: పందెం వేయబోయేవారు తమ కౌంట్‌లో 8 శాతం ముందుంటే డబుల్ చేయొచ్చు, 9 శాతం ఉంటే రీడబుల్ (తమ దగ్గరున్న క్యూబ్‌ను మళ్లీ తిప్పడం) చేయొచ్చు, ఎదుటివారు 12 శాతం వెనకబడి ఉన్నంతవరకు టేక్ చేయొచ్చు. వారికి 100 ఉంటే మీకు 112 దాకా టేక్, 113 అయితే డ్రాప్. వారికి 80 ఉంటే 89 దాకా టేక్.

కాయలు తీసే చివరి దశలో ఈ శాతాలను నమ్మకండి. 1వ గడిలో కాయలు గుట్టగా పడి ఉంటే పిప్ కౌంట్ చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రెండు పాచికలకూ ఒకే అంకె పడితే తప్ప ఒక్కో పందేనికి రెండు కాయలే బయటికి వస్తాయి. ఇద్దరికీ 1వ గడిలో ఆరేసి కాయలు ఉండి, పందెం ఎదుటివారిదైతే మీ అవకాశం 21 శాతమే, డ్రాప్ చేయాలి. ఎనిమిదేసి ఉంటే 25 శాతం దాటుతుంది, టేక్ చేయాలి.

మధ్య ఆటలో పందేలు లెక్కపెట్టలేం కదా. నా అవకాశం 22 శాతమో 28 శాతమో ఎలా తెలుస్తుంది?

కచ్చితంగా తెలియదు. అనుభవం ఉన్నవారు మూడు విషయాలు చూస్తారు: పరుగులో ఎవరు ముందున్నారు, కాయల అమరిక ఎవరిది బాగుంది, వెంటనే వచ్చిపడే ముప్పు ఎవరి నుంచి. మూడింటిలోనూ ఎదుటివారే ముందుంటే సాధారణంగా డ్రాప్. రెండింటిలో వారు ముందుండి ఒకటి మీ వైపు ఉంటే సాధారణంగా టేక్.

దానితోపాటు కొన్ని తెలిసిన స్థితులను కొలబద్దలుగా మనసులో పెట్టుకోవాలి. ఎదుటివారి 5వ గడిలో మీ యాంకర్ ఉందంటే, పరుగులో మరీ వెనకబడితే తప్ప అది టేక్. ఆ గడి నుంచి తప్పించుకోవడం తేలిక, గ్యామన్లు తక్కువ. 4వ గడి యాంకర్ కూడా ఇంచుమించు అంతే. అదే యాంకర్ 1వ గడిలో లోతుగా పడి ఉండి, ఎదుటివారు మిగతా కాయలన్నీ ఇల్లు చేర్చుకుంటుంటే గెలుపు ఆరింట ఒకటి దగ్గర ఉంటుంది, పైగా గ్యామన్లు. అది డ్రాప్. చాలామంది "చివర్లో ఒక షాట్ దొరక్కపోదు" అని దీన్ని పట్టుకుని వేలాడతారు. షాట్, అంటే కొట్టే అవకాశం, దొరికినా ఒక అడుగు దూరంలోని కాయకు 36లో 11 పందేలే తగులుతాయి, ఆరు అడుగుల దూరంలో ఉంటే 17. కొట్టాక కూడా ఆ కాయను బంధించి గెలవాలి.

కొత్తవారిని బాగా ముంచేది ఆట మొదట్లో వచ్చే దాడి. మీ కాయ బార్ మీద ఉంది, యాంకర్ లేదు, ఎదుటివారు హోమ్ బోర్డులో మూడు గళ్లు మూసేశారు, వారి కాయల్లో పది దాకా దాడికి అందుబాటులో ఉన్నాయి. పిప్ కౌంట్‌లో పెద్ద తేడా ఉండదు కాబట్టి "ఆట ఇప్పుడే మొదలైంది కదా" అనిపిస్తుంది. అది డ్రాప్. బార్ మీంచి లోపలికి రావడానికి 36లో 27 అవకాశాలున్నా, వచ్చిన కాయను మళ్లీ కొడతారు.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, అందరూ భయపడి డ్రాప్ చేసే టేక్ ఒకటుంది. ఎదుటివారు ఐదు గళ్ల ప్రైమ్ (వరుసగా మూసేసిన గళ్ల గోడ) కట్టారు, మీ రెండు కాయలు దాని అంచునే నిలబడి ఉన్నాయి, మీకూ నాలుగైదు గళ్ల ప్రైమ్ ఉంది, దాని వెనక వారి కాయ ఒకటి చిక్కుకుంది. ఇక్కడ చూడాల్సింది ఎవరి దగ్గర ఎక్కువ సమయం ఉందన్నది. తమ ప్రైమ్ విరగ్గొట్టుకోకుండా ఇంకా ఎన్ని పందేలు ఆడగలరో చూడండి. పరుగులో వెనకబడి ఉండటం ఇక్కడ మీకు బలం.

మ్యాచ్‌లో స్కోరును బట్టి ఈ లెక్క మారుతుందా?

మారుతుంది, ఒక్కోసారి పూర్తిగా. 7 పాయింట్ల మ్యాచ్‌లో 5-5 దగ్గర ఉన్నారనుకోండి. క్యూబ్ 2 అయితే ఈ ఆటే మ్యాచ్. డ్రాప్ చేస్తే 5-6తో వెనకబడతారు, అక్కడి నుంచి మ్యాచ్ గెలిచే అవకాశం 30 శాతం పైనే ఉంటుంది. కాబట్టి టేక్ చేయడానికీ అంత అవకాశం ఉండాలి, 25 సరిపోదు. గ్యామన్లకు ఇక్కడ విలువ లేదు, 2 పాయింట్లతోనే మ్యాచ్ అయిపోతుంది.

ఒకరు మ్యాచ్‌కు 1 పాయింట్ దూరానికి చేరగానే వచ్చే ఒక్క ఆటలో క్యూబ్ వాడకూడదు. జాన్ క్రాఫర్డ్ పేరు మీద క్రాఫర్డ్ నియమం అంటారు. ఆ ఆట తర్వాత వెనకున్నవారు వెంటనే డబుల్ చేస్తారు, వారికి పోయేదేమీ లేదు. ముందున్న మీరు వారికి ఇంకా ఎన్ని పాయింట్లు కావాలో చూడండి. సరిసంఖ్య అయితే, అంటే 2 లేదా 4 కావాల్సి ఉంటే, మీ పరిస్థితి కొంచెం బాగాలేకపోయినా డ్రాప్ చేయొచ్చు. ఉదాహరణకు 6-3 దగ్గర వారికి 4 కావాలి, అంటే రెండు గెలుపులు. మీరు డ్రాప్ చేస్తే 6-4, వారికి 3 కావాలి, అప్పుడూ రెండు గెలుపులే. మీకు నచ్చని ఆట ఒకటి ఉచితంగా రద్దయినట్టే. బేసి సంఖ్య అయితే ఆ వెసులుబాటు లేదు. 6-4 దగ్గర డ్రాప్ చేస్తే 6-5 అవుతుంది, వారికి ఒక గెలుపు కానుకగా ఇచ్చినట్టు. అక్కడ ఒప్పుకుని ఆడండి.

ఇప్పుడే దెబ్బ మీద దెబ్బ తిన్నాను, వెంటనే క్యూబ్ వచ్చింది. మనసు కుదుటపడటం లేదు.

అలాంటప్పుడు తప్పులు రెండు వైపులా జరుగుతాయి. కొందరు బెదిరిపోయి డ్రాప్ చేస్తారు, కొందరు పంతానికి పోయి టేక్ చేస్తారు. నా తప్పు మొదటిది. ఒకసారి చేతిలో ఉన్న ఆటలో 6-6 పడి ఎదుటివారు దూసుకుపోయారు, క్యూబ్ తిప్పారు, నేను కాయలు కూడా లెక్కపెట్టకుండా తల ఊపేశాను. ఇంటికొచ్చి అదే స్థితి పేర్చి లెక్కపెడితే పరుగులో 8 శాతమే వెనకబడి ఉన్నాను. అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. క్యూబ్ రాగానే బోర్డును కొత్తగా, ఎవరో వేరేవాళ్ల ఆటను ఇప్పుడే చూస్తున్నట్టు చూస్తాను. పది సెకన్ల ముందు నేను గెలుస్తున్నానన్న సంగతి ఈ నిర్ణయానికి సంబంధం లేనిది.

అంత ధైర్యంగా డబుల్ చేశారంటే వారికి గట్టి నమ్మకం ఉన్నట్టే కదా?

లేదు. మంచి ఆటగాళ్లు మీరు టేక్ చేయాల్సిన స్థితుల్లోనే ఎక్కువగా డబుల్ చేస్తారు. పేరున్న ఆటగాడు కిట్ వూల్సీ చెప్పిన సూత్రం ఒకటుంది: ఈ స్థితి టేకా డ్రాపా అని మీకు కచ్చితంగా తేల్చుకోలేని సందేహం ఉంటే, డబుల్ చేయడం సరైనదే. అంటే వారి డబుల్ వెనక ఉన్నది చాలాసార్లు సందేహమే.

క్యూబ్ ఉంటే జూదం అయిపోదా? పిల్లలకు నేర్పొచ్చా?

డబ్బు పెడితేనే జూదం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేల ఆటలను నిషేధించాయి. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. కాగితం మీద పాయింట్లు రాసుకుని ఆడితే క్యూబ్ అంతే బాగా పనిచేస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు సంభావ్యత నేర్పడానికి ఆ రెండు కాయల ఉదాహరణ కంటే మంచిది నాకు దొరకలేదు.

నా నిర్ణయం సరైనదో కాదో ఎలా సరిచూసుకోవాలి?

సాఫ్ట్‌వేర్‌తో. గ్నూ బ్యాక్‌గ్యామన్ ఉచితంగా దొరుకుతుంది. ఎక్స్‌ట్రీమ్ గ్యామన్ డబ్బు పెట్టి కొనాలి. ఐబీఎంలో గెరాల్డ్ టెసారో తయారుచేసిన టీడీ-గ్యామన్ 1990ల మొదట్లో తనతో తానే ఆడుకుంటూ నేర్చుకుంది, ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే. ఆట అయ్యాక స్థితిని అందులో పెడితే టేక్, డ్రాప్ రెండింటి విలువా చూపిస్తుంది. ఒక చిన్న సలహా. జవాబు చూడకముందే గెలుపు ఎంత శాతం, గ్యామన్ ఎంత శాతం అని మీ అంచనా కాగితం మీద రాసుకోండి. నేను మూడు నెలలు అలా రాసినప్పుడే నా గ్యామన్ అంచనాలు ఎప్పుడూ తక్కువగా ఉంటున్నాయని బయటపడింది.

ఎదుటివారు నాకంటే చాలా గట్టి ఆటగాళ్లు. అయినా అదే 25 శాతమా?

పరుగులోనూ, చివరి రెండు మూడు పందేల్లోనూ నైపుణ్యానికి చోటు లేదు, అక్కడ హద్దు మారదు. ఇంకా చాలా ఆట మిగిలి ఉండి, ప్రైములు, లోతైన యాంకర్లతో చిక్కుపడి ఉంటే సాఫ్ట్‌వేర్ చూపించే 25 శాతం మీ చేతిలో 20 కావచ్చు. హద్దు దగ్గర ఊగిసలాడే అలాంటి స్థితుల్ని గట్టివారి ముందు వదిలేయడంలో తప్పు లేదు. కానీ అదే ఆటగాళ్లు 8 శాతం వెనక ఉన్న పరుగులో క్యూబ్ తిప్పితే తడుముకోకుండా తీసుకోండి. అక్కడ పాచికలు వారి పేరు చూసి పడవు.